తడిసిన బాట, తొణకని చేయి

ఉమ్మడి అనంతపురము జిల్లాలో వాన వచ్చినదనగా ఊరంతయు వాకిట నిలిచి చూచును. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే కురియు ఈ సీమలో, 2022 ఏప్రిల్ మాసమున శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడిన భాగమునందు, ఓబులదేవరచెరువు మొదలుకొని కదిరి, ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల వరకు ఏ పల్లెకు పోయినను, చెరువునకు నీరు చేరునా, వేరుసెనగ విత్తుటకు పదను దొరకునా యను ప్రశ్నలే వానతో ముడిపడియుండును. ఆ వానలోనే మోటారుసైకిలుపై సంతనుండి యిల్లు చేరవలసిన మనుష్యుని గూర్చి ఎవరును ఆలోచింపరు. అతడును ఆలోచింపడు. ఏడాదిలో కొన్ని దినములు మాత్రమే తడియు రోడ్డుపై బండి నడుపుట నేర్చుకొనుటకు అతనికి అవకాశమేది?

వాన తక్కువగనుక తడిరోడ్డు ప్రమాదమును తక్కువేయని అనుకొనుట పొరపాటు. నెలల తరబడి చినుకెరుగని తారురోడ్డుపై లారీలనుండి కారిన డీజిలు, ఇంజను నూనె, టైర్లనుండి అరిగిన రబ్బరు పొడి, వీని మీద ఎర్రమట్టి దుమ్ము పొరలుపొరలుగా పేరుకొనియుండును. తొలిచినుకులకు ఈ మలినమును కడిగివేయు శక్తి యుండదు. అవి దానిని నానబెట్టి, రోడ్డు గరుకు రంధ్రములలోనుండి పైకి తేల్చి, టైరునకును తారునకును నడుమ ఒక పలుచని జారుడు పూతగా పరచును. గట్టిగా కొంతసేపు కురిసిన పిదప ఆ పూత ప్రక్కకాలువలలోనికి కొట్టుకొనిపోవును గావున, జోరువానలో అరగంట తడిసిన రోడ్డుకంటె తుంపరలో అయిదు నిమిషములు తడిసిన రోడ్డే యెక్కువ మోసము చేయును. తరచు వానలో నానుచుండు కోనసీమ రోడ్డుకంటె, కరవుసీమలో ఆరునెలల కొకసారి తడియు రోడ్డుపై ఈ పూత దట్టముగ నుండుట సహజము. కావున తడిబాటపై మోటారుసైకిలు నడుపు విద్య అత్యవసరమైన చోట్లలో మన మెట్టసీమ యొకటి.

ఆ విద్యను జీవితసాధనగా చేసికొన్నవారు మోటారుసైకిలు పందెపు రౌతులు. గంటకు 360 కిలోమీటర్లను మించిన వేగమును సయితము అందుకొనగల, 270 అశ్వశక్తికి పైబడిన యంత్రముపై కూర్చుండి, ముందుబండి చక్రములు చిమ్ము నీటితెరలో దారి కానరాకయే మలుపులోనికి దూసికొనిపోవువారిని చూచినపుడు, ఇది ప్రాణమునకు తెగించిన వారి ఆట యని మనకు తోచును. నిదానించి పరిశీలించితిమేని, అందు తెగింపుకంటె సంయమమే హెచ్చని గ్రహింతుము.

మోటారుసైకిలు నేలను తాకు చోటు ఎంతయో ముందుగా తెలిసికొందము. ఒక్కొక్క టైరు భూమిని స్పృశించునది రమారమి అరచేయంత. బండి వేగము పెంచవలెనన్నను, తగ్గించవలెనన్నను, మలుపు తిప్పవలెనన్నను ఆ రెండు అరచేతుల వైశాల్యమునందలి ఘర్షణయే ఆధారము. ఘర్షణ సగమైనచో ఆగుటకు పట్టు దూరము ఇబ్బడియగునని భౌతికశాస్త్రము చెప్పును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి, మంచి పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు పట్టినచో 18 మీటర్లలో ఆగునని లెక్క వేసితిమేని, ఘర్షణ సగమునకు పడిపోయిన తడిరోడ్డుపై 36 మీటర్లు కావలసివచ్చును. బ్రేకు మీదికి చేయి పోవుటకు పట్టు ఒక్క సెకనులో బండి పరుగిడు దాదాపు 17 మీటర్లను దీనికి కలుపుకొనవలెను. మలుపులలో లెక్క వేరు: ఘర్షణ సగమైనపుడు అదే మలుపును పొడినాటి వేగములో పదింట ఏడువంతుల వేగమున మాత్రమే తిరుగగలము. పదింట మూడువంతులే కదా తగ్గించవలసినది యనిపించును గాని, అలవాటుపడిన చేయి ఆ మూడు వంతులను వదలుకొనుటకు ఒప్పుకొనదు; మన రోడ్లపై జారిపడువారిలో అనేకులు ఆ మూడు వంతుల యందే పడుచున్నారు.

ఇక పందెపు టైర్ల సంగతి. ఎండవేళ వాడు టైరునకు గాడులే యుండవు. అది నున్నగా గుండ్రనై, వేడెక్కిన కొలది జిగటవలె నేలను పట్టుకొనును. నీరు నిలిచిన చోట ఆ నునుపే శత్రువు. నీరు ప్రక్కకు పోవు దారిలేక టైరు క్రింద పొరగా నిలిచి, చక్రమును నేలనుండి ఎత్తివేయును. అప్పుడు హ్యాండిలు తిప్పినను బండి తిరుగదు. కావున వానకై వేరు టైర్లున్నవి. వాని రబ్బరు మెత్తనిది, తక్కువ వేడిలోనే పట్టు నిచ్చునది. వాని గాడులు నీటిని ప్రక్కలకు తోడివేయునవి. ఈ వానటైర్లకు తమదైన బలహీనత యొకటి కలదు. బాట ఆరనారంభించినంతనే అవి అతిగా వేడెక్కి, గాడుల నడుమనున్న రబ్బరు దిమ్మలు చిరిగిపోవును. అందుచేత ఆరుచున్న ట్రాక్‌పై అనుభవజ్ఞుడైన రౌతు తిన్నని దారిలో కావలెనని నీటి మడుగులను వెదకికొని వాని మీదుగా బండి తోలి టైర్లను చల్లార్చుకొనును. చూచువారికి ఇది వింత. టైరు ప్రాణమెరిగినవానికి ఇది నిత్యకృత్యము.

బ్రేకులకును ఇట్టి చిక్కే యున్నది. మోటోజీపీ యను ప్రపంచస్థాయి పందెముల యంత్రములందలి కర్బన బ్రేకు పళ్లెములు కొన్ని వందల డిగ్రీల వేడిలోగాని సరిగా పనిచేయవు. వాననీరు వానిని చల్లార్చును. పూర్వము వాన పడినపుడు ఉక్కు పళ్లెములకు మారెడివారు. ఇటీవల కర్బన పళ్లెములకే తొడుగులు వేసి వేడి నిలుపుకొనుచున్నారు. పందెమధ్యమున వాన వచ్చినచో పందెమును ఆపకయే, రౌతు తన స్థావరమునకు వచ్చి, వానటైర్లతో సిద్ధముగానున్న రెండవ బండినెక్కి పోవచ్చునను నియమమును తొలిసారిగా 2006 ఆస్ట్రేలియా పందెమున వినియోగించుకొనిరి; అందు ఇటలీ దేశీయుడు మార్కో మెలాండ్రి గెలిచెను.

యంత్రముల మాట యిట్లుండగా, విద్యయంతయు చేతిలో నున్నది. ధర్మవరము మగ్గముపై పట్టుపోగును లాగు నేతగాని వ్రేళ్లవలె, తడిబాటపై రౌతు వ్రేళ్లు ఆదినుండి తుదివరకు ఒకే ఒరవడిలో కదలవలెను; పోగు తెగునది బలమువలన గాదు, అకస్మాత్తుగా పడిన బలమువలన. ముందు బ్రేకును మొదట మృదువుగా తాకి, బండి బరువు ముందుచక్రము మీదికి ఒరిగి ఆ టైరు నేలను గట్టిగా ఒత్తుకొనిన పిమ్మట మాత్రమే పట్టు పెంచుకొనుచు పోవలెను. బరువు చేరకమున్నే గట్టిగా పట్టినచో తేలికగానున్న చక్రము బిగిసి, కన్నుమూసి తెరచులోపల బండి నేలపాలగును. యాక్సిలరేటరు విషయమునను అంతే. మలుపు మధ్యమున చేయి ఒక్కసారిగా తిప్పినచో వెనుకచక్రము ప్రక్కకు జారును. అదరిపడి చేయి వదలినచో జారుచున్న చక్రము హఠాత్తుగా పట్టు దొరకబుచ్చుకొని, బండి ఎగిరి రౌతును గాలిలోనికి విసరివేయును. జారి పడుటకంటె ఈ ఎగిరిపడుట ఎన్నో రెట్లు భయంకరము. అందువలననే తడిలో ఒక గేరు పైన నడుపుట, ఇంజను విసురును చక్రమునకు నేరుగా అందనీయకుండుట ఆచారమైనది.

దేహమును వాడుకొను తీరు మరియొక సూక్ష్మము. ఎండలో మోటోజీపీ రౌతు 60 డిగ్రీలకు మించి బండిని వాల్చును. తడిలో అతడు బండిని వీలైనంత నిటారుగా నుంచి, తన శరీరమునే మలుపు లోపలివైపునకు మరింత వ్రేలాడదీయును. బరువు లోపలికి పోయినకొలది అదే మలుపును తక్కువ వాలుతో తిరుగవచ్చును. త్రోవయు మారును. ఎండనాడు అందరును పోవు దారిలో టైర్ల రబ్బరు అరిగి అంటి నున్ననై యుండును. తడిసినపుడు అదియే మిక్కిలి జారును. కావున ఆ దారికి కొంచెము ఎడముగా, గరుకు మిగిలియున్న చోటును వెదకికొని పోవుదురు. ట్రాక్ అంచుల ఎరుపు తెలుపు రంగుల గట్లను ముట్టరు. మన రోడ్లపై జీబ్రా గీతల తెల్లరంగు, మురుగుకాలువ మూతల ఇనుము, ధర్మవరమునుండి కదిరి మీదుగా పాకాలకు పోవు రైలుమార్గము దాటు గేట్ల యొద్ద మెరయు పట్టాలు ఇట్టివే. వానిపై బండిని వాల్చరాదు, బ్రేకు పట్టరాదు. నిటారుగా, పట్టాలకు అడ్డముగా, తిన్నగా దాటిపోవలెను.

ఇంతవరకు నైపుణ్యము. దీనిని మించినది గుండెదిటవు. దానిని గూర్చియే జనులలో అపోహలు మెండు. భయము కలిగినపుడు మనుష్యుని భుజములు బిగియును, మోచేతులు కొయ్యబారును, పిడికిళ్లు హ్యాండిలును నులుముచున్నట్లు పట్టుకొనును. ముందుచక్రము తడినేలపై అటునిటు కొంచెము కదలుచు తనకు తానే దారి సరిచేసికొను స్వభావము గలది. బిగిసిన చేతులు ఆ స్వేచ్ఛను హరించును. అనగా భయపడినవాని చేతులే భయపడిన ప్రమాదమును తెచ్చిపెట్టును. బండి క్రింద నేల జారుచున్నదని తెలిసియు, ఆ జారుటను తొడలతోను నడుముతోను గ్రహించుచును, ముంజేతులను సడలించి యుంచగలుగుట తడిబాటపై ధైర్యము. నా దృష్టిలో క్రీడలలో ఇంతకంటె కఠినమైన ఆత్మనిగ్రహము అరుదు. ఏలయన, ఇచట మనస్సు భయమును జయించినంత మాత్రమున చాలదు. కండరమునకు సైతము ఆ జయము అందవలెను.

2017 అక్టోబరు 15వ తేదీన జపాను దేశమందలి మోటేగి ట్రాక్‌పై ఎడతెగని వానలో ఆండ్రియా డోవిజియోసో, మార్క్ మార్కెజ్‌లు చేసిన పోరు దీనికి ఉత్తమోదాహరణము. చివరిచుట్టులో డుకాటిపై నున్న డోవిజియోసో ముందునకు పోగా, హోండాపై నున్న మార్కెజ్ చిట్టచివరి మలుపున తిరిగి లోపలికి దూరి, నిలువలేక వెడల్పుగా పోయెను. గీత దాటునప్పటికి ఇద్దరి నడుమ వ్యవధి 0.249 సెకను. పందెమంతయు నీటిపై నడచి, అంతటి వ్యత్యాసముతో ముగిసినదనగా, ఆ యిద్దరి చేతులలో ఎంతటి నెమ్మది యుండవలెనో ఊహించుకొనవచ్చును.

గుండెదిటవునకు నిర్ణయశక్తియు తోడు కావలెను. 2021 ఆగస్టు 15న ఆస్ట్రియాలో పందెము మరి కొన్ని చుట్లలో ముగియుననగా వాన బలపడెను. ముందు పోవుచున్నవారు ఒక్కుమ్మడిగా బండ్లు మార్చుకొనుటకు లోనికి పోయిరి. వారి వెనుకనున్న దక్షిణాఫ్రికా యువకుడు బ్రాడ్ బైండర్ మాత్రము గాడులులేని ఎండటైర్లతోనే ట్రాక్‌పై నిలిచెను. ఆ చుట్లలో అతని టైర్లు చల్లబడినవి, కర్బన బ్రేకులు చల్లబడినవి, వానటైర్లతో వెనుకనుండి వచ్చువారు చుట్టుచుట్టునకు దూరము తగ్గించుకొనుచుండిరి. అతడు పడకుండ, పట్టువదలకుండ, బండిని నిలువుగా నడిపించుకొనుచు గెలిచెను. దీనికి విపర్యయముగా 2025 మే 11న ఫ్రాన్సు దేశపు లె మాన్ ట్రాక్‌పై జొహాన్ జార్కో మొదటినుండియు వానటైర్లను నమ్ముకొని, ఇతరులు ఎండటైర్లకును మరల వానటైర్లకును మారుచు కాలము పోగొట్టుకొనుచుండగా, మార్పు లేక సాగిపోయి విజయము నందెను. 1954లో పియెర్ మొనెరె తరువాత స్వదేశపు గ్రాండ్ ప్రిక్స్ ప్రధాన తరగతిలో గెలిచిన ఫ్రెంచివాడు అతడే. ఒకడు ఎండటైర్లతో తడిలోను, ఇంకొకడు వానటైర్లతో మారుచున్న బాటపైనను గెలిచిరి. ఇరువురును ఆకసమును సరిగా చదివిరి.

ఆకసమును చదువుటయే గాదు, వేడుకొనుటయు మనకు క్రొత్త కాదు. 2022 మార్చి 20న ఇండోనేసియాలోని మండాలిక ట్రాక్‌పై కుండపోత కారణమున పందెము గంటకు పైగా ఆలస్యమైనపుడు, వాన ఆపుటకై నియమింపబడిన ఒక మంత్రగత్తె పాదచారియై మంత్రించుచు తిరుగుట లోకమంతయు చూచెను. కప్పతల్లి ఆడించి, వరుణజపములు చేయించి వానను రమ్మని వేడుకొను మన పల్లెలకు ఆమె శ్రద్ధ పరాయిదిగా తోచదు. వాన కొంత తెరపియిచ్చిన పిదప, ఇంకను తడిగానున్న ఆ బాటపై పోర్చుగల్ దేశీయుడు మిగెల్ ఒలివేరా గెలిచెను.

మన పొరుగున ఈ విద్యకు స్థానము లేకపోలేదు. హిందూపురమునుండి దక్షిణముగా బెంగళూరు దాటి కొంతదూరము పోయినచో, తెలుగువారు తరతరములుగా స్థిరపడియున్న హోసూరు వచ్చును. అచటి టీవీఎస్ కంపెనీ 1982లో తన పందెపు విభాగమును నెలకొల్పి, నాటినుండి దేశీయ రౌతులను తయారుచేయుచున్నది. వీరి రంగస్థలము చెన్నై. పూర్వము షోళవరమందలి పాత విమానస్థలముపై జరిగిన పందెములకు 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన ట్రాక్ ఏర్పడినది. దాని పొడవు 3.7 కిలోమీటర్లు. జాతీయ పోటీలు సాధారణముగా వానాకాలపు నెలలలోనే జరుగుచుండును గావున, తడిబాట మన దేశపు రౌతునకు అపరిచితము కాదు. చెన్నైకి చెందిన సరత్ కుమార్ 2011లో 125 సీసీ ప్రపంచ పోటీలలో పాల్గొని, ఆ స్థాయికి చేరిన తొలి భారతీయుడయ్యెను. ఢిల్లీ చెంత బుద్ధ్ ట్రాక్‌పై 2023 సెప్టెంబరున తొలిసారిగా మోటోజీపీ భారతదేశమునకు వచ్చినపుడు సైతము, శనివారపు చిన్నపందెమును వానయే ఆలస్యము చేసినది.

మన పల్లెయువకులకు పుట్టుకతో అబ్బిన సంపద యొకటి కలదు, దానిని ఎవరును లెక్కపెట్టరు. ప్రపంచములో తడిబాటపై పేరుపొందిన రౌతులలో అనేకులు బాల్యమున మట్టిట్రాక్‌లపై పెరిగినవారు. ఇటలీలో వాలెంటినో రోసీ తవూలియా గ్రామమున తన శిష్యులకొరకు మట్టిబాటనే నిర్మించెను. మట్టిలో బండి నిరంతరము జారుచునే యుండును. ఆ జారుటకు భయపడని దేహము తడితారుపై కూడ భయపడదు. ఓబులదేవరచెరువు పరిసరముల కంకరబాటలపైనను, వేరుసెనగ చేల గట్లపైనను, చిత్రావతి యెండిన ఇసుకపైనను పాలకేనులు కట్టుకొని నిత్యము బండి తోలు కుర్రవాడు ఈ పాఠమును తెలియకయే నేర్చుచున్నాడు. అతనికి లేనిది ఆ పాఠమును తారుపై అన్వయించి చూపు గురువు.

గురువు లేని చోట అతడు చేయునదేమి? రాత్రివేళ 44వ నంబరు జాతీయరహదారిపై స్నేహితులతో పందెము కట్టును. దానిని నేను పందెమని అంగీకరింపను. ట్రాక్‌పై ఎదురుగా లారీ రాదు, గేదె అడ్డురాదు, అంచున రాతికట్ట యుండదు. పడినవాడు జారిపోవుటకు విశాలమైన స్థలముండును, కూతవేటు దూరమున వైద్యుడుండును, తోలుదుస్తులలో గాలిసంచి యుండును. మోటోజీపీలో ఈ గాలిసంచి దుస్తులు 2018నుండి తప్పనిసరి. ఇవన్నియు లేక, హెల్మెట్టు సైతము లేక, కన్నతల్లి మేలుకొని యెదురుచూచుచుండగా చేయు వేగమునకు ధైర్యమను పేరు పెట్టుట ఆ మాటకే అవమానము.

యంత్రములు కొంత తోడ్పడుచున్నవి. 2019 ఏప్రిల్‌నుండి మన దేశమున 125 సీసీకి మించిన బండ్లకు ఏబీఎస్ అనివార్యమైనది. చక్రము బిగిసిపోకుండ బ్రేకును క్షణక్షణము వదలి పట్టుట దాని పని. హోసూరులో తయారగు అపాచీ ఆర్‌ఆర్ 310కి 2020లో రెయిన్ మోడ్ చేర్చిరి; అది ఇంజను శక్తిని 34నుండి సుమారు 26 అశ్వశక్తులకు తగ్గించి, ఏబీఎస్‌ను మరింత జాగరూకతతో నుంచును. అయినను సాధారణమైన ఏబీఎస్ బండి నిటారుగా పోవునపుడు కాపాడినట్లు మలుపులో వాలినపుడు కాపాడజాలదు. టైరు గాడులు అరిగిపోయినచో ఏ మీటయు సహాయపడదు. గాడులలో నాణెము నిలిపి లోతు చూచుకొనుట, వానాకాలము రాకమున్నే గాలి సరిచూచుకొనుట మన గ్రామములలో ఇంకను అలవాటు కాలేదు.

వాన అరుదైన చోట వానకొరకు ఎదురుచూచుచు తడిబాట నేర్పుట సాధ్యము కాదు గావున, కృత్రిమముగా తడిపిన తారుమైదానములపై శిక్షణ యిచ్చు పద్ధతి ఇతర దేశములలో చిరకాలముగా నున్నది. రెండు మూడెకరముల నున్నని తారునేల, ఒక నీటితొట్టి, నీటిని వాలుగుండ తిరిగి గుంటకు చేర్చి మరల వాడుకొనుటకు ఒక మోటారు, అడ్డముగా పెట్టుటకు కొన్ని రబ్బరు శంకువులు, మెత్తగా బ్రేకు పట్టుట నేర్పగల ఒక్క శిక్షకుడు: ఇంతకు మించి కావలసినది లేదు. తిరిగి వాడు నీరు గనుక కరవు సీమకు భారము కాదు. పెనుకొండ చెంత కార్లు తయారుచేయు కర్మాగారమున్నది, బెంగళూరు, హోసూరులు గంటల దూరములో నున్నవి, బీడుభూములకు కొరత లేదు. లైసెన్సు కొరకు ఎనిమిది అంకె ఆకారమున బండి తిప్పి చూపు యువకుని చేత, అదే రోజు అదే బండిని తడినేలపై గంటకు 40 కిలోమీటర్ల వేగమునుండి ఆపించి చూచు ఏర్పాటు ఈ జిల్లాలో మొదలు కావలెనని నా కోరిక.